చెనిక్కాయ గింజ నుంచి ఆర్‌ఎన్‌ఏ దాకా

రాయచోటి, గాలివీడు మెట్టల్లో చెనిక్కాయ (వేరుశనగ) వేసే రైతుకు గింజలోని నూనె ముఖ్యం. ఆ నూనె ఎంతో కచ్చితంగా తేల్చాలంటే పాత పద్ధతిలో గింజను పొడిచేసి, హెక్సేన్ లాంటి ద్రావణితో గంటల తరబడి నూనె లాగి, తూచాలి. లెక్క తేలుతుంది, గింజ మాత్రం మిగలదు. కొత్త వంగడాలు తయారుచేసేవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. నూనె ఎక్కువున్న గింజ ఏదో తెలిసేసరికి, విత్తడానికి అది ఉండదు.

ఈ చిక్కు విప్పిన యంత్రం ఎన్‌ఎంఆర్, అంటే కేంద్రక అయస్కాంత అనునాద యంత్రం. 1945–46లో హార్వర్డ్‌లో పర్సెల్ బృందం పారఫిన్ మైనంలోనూ, స్టాన్‌ఫర్డ్‌లో బ్లాక్ బృందం నీటిలోనూ హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని పట్టుకున్నాయి. 1952లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. బలమైన అయస్కాంతంలో పెట్టిన హైడ్రోజన్ కేంద్రకం ఒకే ఒక పౌనఃపున్యం దగ్గర రేడియో తరంగాన్ని పీల్చుకుంటుంది. ఆ పౌనఃపున్యం దాని చుట్టుపక్కల పరమాణువులను బట్టి రవ్వంత మారుతుంది. ఈ రవ్వంత తేడాయే రసాయన శాస్త్రానికి దొరికిన నిధి. బెంగళూరు ఐఐఎస్‌సీలో జి. సూర్యన్ 1951లోనే పారే ద్రవాల్లో ఈ అనునాదాన్ని కొలిచి ప్రచురించారు. మన పక్క ఊళ్లో అంత తొందరగా ఆ పని జరిగిందని మన పిల్లలకు చెప్పాలి.

గింజ సంగతికొస్తే, పిండి, మాంసకృత్తుల్లాంటి ఘనపదార్థంలోని హైడ్రోజన్ సంకేతం మైక్రోసెకన్లలో ఆరిపోతుంది. నూనె ద్రవం కాబట్టి దాని సంకేతం చాలాసేపు నిలుస్తుంది. తేమ బాగా తగ్గించిన గింజలో ఆ మిగిలిన సంకేతమే నూనె కొలత. మొలకశక్తి పోకుండా నిదానంగా ఆరబెడితే, కొలిచిన గింజనే నాటుకోవచ్చు. అమెరికాలోని ఇలినాయ్‌లో అలెగ్జాండర్ బృందం 1960ల్లో మొక్కజొన్నలో ఒక్కో గింజనూ ఇలాగే ఎంపిక చేసింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగ నూనెను ఎన్‌ఎంఆర్‌తో కొలిచే పద్ధతిని 1985లో ప్రచురించారు.

పగలగొట్టకుండా చూడగల ఈ గుణమే ఆర్‌ఎన్‌ఏ దగ్గర ఇంకా విలువైనది. ఆర్‌ఎన్‌ఏ ఒంటి పోగు. వదులుగా పడేసిన నులక తాడులా తనమీద తానే మెలిపడుతుంది. ఎక్స్‌రే పద్ధతికి దాన్ని స్ఫటికంగా గడ్డకట్టించాలి. ఎన్‌ఎంఆర్‌కు అయితే సన్నని గాజు గొట్టంలో, అర మిల్లీలీటరు నీటిలో ఉంచితే చాలు. కదులుతూనే ఉంటుంది, మనకు కనిపిస్తూనే ఉంటుంది.

ఎలా కనిపిస్తుందన్నదే అసలు అందం. పోగు పొడవునా ఏ, యు, జి, సి అనే నాలుగు రకాల బేస్‌లు ఉంటాయి. వాటిలో జి, యు బేస్‌లలో నత్రజనిని అంటుకుని ఒక హైడ్రోజన్ ఉంటుంది. బేస్ ఒంటరిగా ఉంటే అది చుట్టూ ఉన్న నీటితో చిటికెలో మార్పిడి అయిపోతుంది, సంకేతం దొరకదు. ఎదుటి బేస్‌తో జతకడితే మాత్రం నిలబడుతుంది. ఏ-యు జత సంకేతం సుమారు 13–15 పీపీఎం (ఆ రవ్వంత పౌనఃపున్య తేడాను కొలిచే ప్రమాణం) దగ్గర, జి-సి జతది 12–13.5 దగ్గర వస్తుంది. అంటే ఈ సంకేతాల గీతలు లెక్కపెడితే దాదాపు జతలు లెక్కపెట్టినట్టే. 1971లో కియర్న్స్, ముంబయిలో పుట్టిన దిన్షా పటేల్, షుల్మన్ టీఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలో ఈ గీతలను చూపించారు. అప్పటికి టీఆర్‌ఎన్‌ఏ స్ఫటిక నిర్మాణం ఇంకా బయటికి రాలేదు!

జతలు తెలిస్తే మడత ఆకారం పూర్తిగా తెలిసినట్టు కాదు. ఏ హైడ్రోజన్ దేనికి దగ్గరో కూడా తెలియాలి. సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న జంటలను బయటపెట్టే నోయెసీ పద్ధతి 1980లో వచ్చింది. ఐఐఎస్‌సీకి చెందిన అనిల్ కుమార్, స్విట్జర్లాండ్‌లోని ఎర్న్‌స్ట్, వూత్రిచ్‌లతో కలిసి చేసిన పని అది. 1998లో డింగ్లీ, గ్రెజీసెక్ ఇంకో అడుగు వేశారు. హైడ్రోజన్ బంధం మీదుగా ఒక నత్రజని నుంచి ఎదుటి నత్రజనికి సంకేతాన్ని దాటించి, జతను నేరుగా చూపారు.

దీనికి ఖర్చూ ఉంది. 700 మెగాహెర్ట్జ్ యంత్రంలోని 16.4 టెస్లా అయస్కాంతం పగలూ రాత్రీ మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. మన దేశానికి హీలియం దాదాపు అంతా దిగుమతే.

పరిమితీ ఉంది. పోగు పొడవైతే నాలుగే రకాల బేస్‌ల గీతలు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమవుతాయి. 2020లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్వాల్బే బృందం నాయకత్వంలో చాలా దేశాల వాళ్లు కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏను పరిశీలించినప్పుడు, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసుకోక తప్పలేదు. ముక్కచేస్తే మడత మారిపోతుందేమోనన్న సందేహం న్యాయమైనదే. అందుకే ఒంటరి ముక్క గీతలను, అదే ముక్క పెద్ద పోగులో ఉన్నప్పటి గీతల పక్కన పెట్టి చూస్తారు. రెండూ ఒకే చోట పడితే ఆ మడత చెదరలేదని అర్థం.