లోపల మార్చినోడు నంబర్ గూడ మార్చాలె

2022ల ఉబుంటు 22.04 ఎక్కించుకున్నోళ్లకు కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు మొరాయించినయ్. అవి అడిగేది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1, అండ్ల ఉన్నది 3. చానమంది తిట్టుకున్నరు. నా లెక్కల గదే న్యాయం. తెల్వకుండ నడుమ కూలుడు కంటె మొదాట్లనే ఆగుడు మేలు.

పాత ప్రోగ్రాం పిలిచే ఫంక్షన్ తీసేస్తే, దాని తీరు మారిస్తే నంబర్ పెంచాలె. బగ్ సరిజేస్తే, కొత్త ఫంక్షన్ కలిపితే ఆ నంబర్ ముట్టొద్దు.

చెప్పకుండ మారిస్తే? 2010ల ఫెడోరా 14ల జీలిబ్‌సీ వాళ్లు మెమ్‌కాపీ తీరు మార్చిన్రు, ఫ్లాష్‌ల పాట గరగరలాడింది. ఫంక్షన్‌ను తప్పుగ వాడింది ఫ్లాషే, ఒప్పుకుంట. పాట ఇనేటోడు ఏం జేసిండు మరి? తర్వాత 2.14ల ఆ ఒక్క ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్రేసి, పాత ప్రోగ్రాంలకు పాత తీరే ఉంచిన్రు. ఇసొంటి ముద్రలతోనే జీలిబ్‌సీ 1997 నుంచి లిబ్‌సీ డాట్ ఎస్ఓ డాట్ 6 అనే పేరు మీదనే నడుస్తున్నది.