సరుకు రిక్షా మోయగల బరువు: ఎత్తు, గేరు, బ్రేకుల పాత్ర

కూరగాయల మార్కెట్లలో గంపలను, బస్తాలను వాహనం దగ్గర నుంచి దుకాణానికి చేర్చేది చాలా చోట్ల మూడు చక్రాల సరుకు రిక్షాయే. దీనికి ఇంధనం అక్కరలేదు. మరమ్మతు సైకిల్ షాపులోనే జరిగిపోతుంది. అయితే బల్లపై ఎన్ని బస్తాలు పడితే అంతే దీని సామర్థ్యమని భావించడం వాడుక. ఈ కొలత సరైనది కాదు. దారిలోని ఎత్తు, బండిని ఆపగల బ్రేకు ఈ రెండే అసలు హద్దును నిర్ణయిస్తాయి.

అలవాటున్న మనిషి గంటల తరబడి నిలకడగా ఇవ్వగల శక్తి సుమారు 75 వాట్లు. సరుకు 200, బండి 40, మనిషి 60 కలిపి మొత్తం 300 కిలోలు అనుకుందాం. మంచి తారు రోడ్డుపై, చక్రాల్లో తగినంత గాలి ఉన్నప్పుడు దొర్లుడు నిరోధం బరువులో నూరో వంతు, అంటే దాదాపు 30 న్యూటన్లు. ఆ శక్తితో గంటకు 9 కిలోమీటర్లు నడపవచ్చు. దారి వంద మీటర్లకు కేవలం 2 మీటర్లు ఎత్తు పెరిగితే మరో 59 న్యూటన్లు తోడవుతాయి. వేగం గంటకు 3 కిలోమీటర్లకు పడిపోతుంది. కంటికి ఆనని వాలు కూడా పనిని మూడింతలు చేస్తుందన్నమాట.

ఇక్కడే గేరు అవసరం తెలుస్తుంది. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి 3.3 మీటర్లు కదిలే ఒకే గేరు రిక్షాలో, ఈ ఎత్తుపై పెడలు నిమిషానికి 15 చుట్లే తిరుగుతుంది. ఒక్కో తొక్కుడులో దాదాపు శరీర బరువంతా పెడలుపై మోపాలి. మోకాళ్లపై పడే భారం అదే. రిక్షావాలా దిగి నెట్టడం బద్ధకం కాదు, యంత్రశాస్త్రం. చుట్టుకు ఒక మీటరు కదిలే చిన్న గేరు ఉంటే అదే శక్తితో నిమిషానికి 50 చుట్లు తేలికగా తొక్కవచ్చు.

బ్రేకు విషయం మరింత తీవ్రమైనది. చాలా రిక్షాలలో బ్రేకు ముందు చక్రానికే ఉంటుంది, బరువు మాత్రం వెనుక ఇరుసుపై ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రంపై నాలుగో వంతు భారం, పొడి రోడ్డుపై ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, గంటకు 18 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి ఎనిమిదిన్నర మీటర్లు పడుతుంది. మూడు చక్రాలకూ సమర్థమైన బ్రేకులుంటే సుమారు రెండు మీటర్లు చాలు. సంతలో ఈ తేడా ఒక మనిషి ప్రాణమే కావచ్చు.

సైకిల్ మలుపులో వంగుతుంది, రిక్షా వంగదు. అందువల్ల పక్క బలం నేరుగా చక్రంపై పడుతుంది. మామూలు సైకిల్ చక్రం బిగిస్తే చువ్వలు తెగి చక్రం వంకరపోతుంది.

ఈ లోపాలకు పరిష్కారాలు కొత్తవి కావు. 1970లలో ఆక్స్‌ఫర్డ్‌లో స్టూవర్ట్ విల్సన్ రూపొందించిన ‘ఆక్స్‌ట్రైక్’లో మూడు గేర్లు, వెనుక చక్రాలకు బ్రేకులు ఉండేవి. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ మెరుగైన తొక్కుడు రిక్షాతో పాటు మోటారు సాయం గలది, పూర్తిగా విద్యుత్తుతో నడిచేది కూడా తయారు చేసింది. మోటారు బిగించగానే వేగం పెరుగుతుంది కాబట్టి వెనుక బ్రేకు దానికంటే ముందే అమర్చాలి.

రైతు సంఘానికి రిక్షాను సూచించే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు దారిలో అత్యంత ఎత్తైన చోట, కాలువ వంతెన ఎక్కే దగ్గర, నిండు బరువుతో దాన్ని నడిపించి చూడాలి; దిగేటప్పుడు సున్నంతో గీత గీసి, అక్కడ బ్రేకు వేయించి, ఆగిన దూరాన్ని టేపుతో కొలవాలి. మోయదగిన బరువును ఆ కొలతను బట్టి బల్ల పక్కనే రంగుతో రాయించవచ్చు.