మంచులో పిట్ట, చేతిలో కెమెరా

మిషిగన్‌లో చలికాలం మొదలవగానే ఇండియా నుంచి వచ్చే ప్రతి ఫోనులోనూ ఒకటే ప్రశ్న: "ఎంత ఉందేమిటి అక్కడ?" మైనస్‌లో ఉందనగానే "అమ్మో" అంటారు. ఆ వెంటనే జాగ్రత్తలు చెబుతారు. మా చిన్నవాడు పుట్టినప్పుడు సాయానికి వచ్చిన మా అమ్మ మాత్రం ఆ ఏడు నన్ను వేరే ప్రశ్న అడిగింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఆకులు రాలిన కొమ్మ మీది చిన్న పిట్టను చూపించి, "ఒరే, నీకు కోటుంది, హీటరుంది. దానికి ఏముందిరా?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంజనీరింగు చదివి, పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునేవాడికి పిట్టల సంగతులు తెలియకపోవడంలో వింతేమీ లేదు. కాని అప్పటికి రెండేళ్ళుగా నేను చలికాలం పిట్టల ఫొటోలు తీస్తున్నాను! లెన్సుకు వేల డాలర్లు పోశాను గాని, ఆ లెన్సు చివరనున్న ప్రాణి గురించి ఒక్క పుస్తకమైనా చదవలేదు. అమ్మ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్నవి కొన్ని, తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని ఈ వ్యాసంలో చెబుతాను.

రెండు క్వార్టర్ల బరువు

అమ్మ చూపించిన పిట్ట పేరు బ్లాక్ కాప్డ్ చికడీ. నల్ల టోపీ, తెల్లని బుగ్గలు. బరువు సుమారు 11 గ్రాములు, అంటే రెండు క్వార్టర్ నాణేలంత. చలికి భయపడి దక్షిణానికి వలసపోయే రకం కాదిది. ఏడాదంతా ఇక్కడే ఉంటుంది.

ఒళ్ళు చిన్నదైతే చలికాలం కష్టం. గిన్నెడు పాలు చల్లారడానికి గంట పడితే, చెంచాడు పాలు నిమిషంలో చల్లారిపోతాయి. వేడి పుట్టేది ఒంటి లోపల, పోయేది ఒంటి మీది నుంచి. ఒళ్ళు చిన్నదవుతున్న కొద్దీ లోపలి పరిమాణంతో పోలిస్తే పైనున్న వైశాల్యం ఎక్కువవుతుంది. చికడీ చెంచాడు పాల వంటిది. అయినా పగటిపూట దాని ఒంటి వేడి సుమారు 42 డిగ్రీల సెల్సియస్. బయట మైనస్ 20 ఉంటే లోపలికీ బయటికీ 60 డిగ్రీల పైచిలుకు తేడా. ఆ తేడాను నిలబెట్టేది అంగుళం మందం కూడా లేని ఈకల పొర.

మన బొంతలో వెచ్చదనం దూదిది కాదు, దూది మధ్య చిక్కుకున్న గాలిది. పిట్ట చేసే పనీ అదే. ఈకలను విప్పార్చి, వాటి మధ్య గాలిని బంధిస్తుంది. చలిరోజున బంతిలా బొద్దుగా కనిపించే పిట్ట బాగా తిని బలిసింది కాదు. బొంత కప్పుకుని కూర్చున్నది.

మరి ఈకలు లేని కాళ్ళ మాటేమిటి? ఇంజనీరింగులో హీట్ ఎక్స్ఛేంజర్ చదువుకున్న వాళ్ళకు ఇది సులువుగా బోధపడుతుంది. కాలిలోకి దిగే వేడి రక్తం, పైకి వచ్చే చల్లని రక్తం పక్కపక్క నాళాలలో ఎదురెదురుగా ప్రవహిస్తాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి దారిలోనే ఇచ్చేస్తుంది. అందుకని పాదం గడ్డకట్టకుండా ఉండేటంత వెచ్చగా మాత్రమే ఉంటుంది, ఒంటిలోని వేడి పాదాల గుండా వృథాగా పోదు. అదీ చాలకపోతే ఒక కాలు ఈకలలోకి ముడుచుకుని ఒంటికాలి మీద నిలబడుతుంది.

ఇక రాత్రి సంగతి. డిసెంబరు చివర మా ప్రాంతంలో పగలు 9 గంటలు, రాత్రి 15 గంటలు. పగలు తిన్నది కాస్త కొవ్వుగా మారుతుంది. రాత్రంతా రొమ్ము కండరాలను వణికిస్తూ ఆ కొవ్వును కాల్చి వేడి పుట్టిస్తుంది. చాలా చలిగా ఉన్న రాత్రి చికడీ మరో ఉపాయం చేస్తుంది. ఒంటి వేడిని పగటి కన్నా 10, 12 డిగ్రీలు తగ్గించుకుంటుంది. కరెంటు బిల్లుకు భయపడి మనం రాత్రిపూట థర్మోస్టాటు తగ్గించినట్టు! చికడీలో సగం బరువుండే గోల్డెన్ క్రౌన్డ్ కింగ్‌లెట్లు రాత్రి ఒకదానికొకటి ఒత్తుకుని నిద్రపోవడం జీవశాస్త్రజ్ఞుడు బెర్న్‌డ్ హైన్‌రిక్ మెయిన్ రాష్ట్రపు అడవుల్లో చూశాడు. 2003లో వచ్చిన ఆయన "వింటర్ వరల్డ్" ఈ విషయాలన్నిటికీ మంచి పుస్తకం.

తెల్లారేసరికి కొవ్వు దాదాపు ఖర్చయిపోతుంది. చికడీ బ్యాంకులో నిలవ ఉండదు, ఏ రోజు జీతం ఆ రోజు ఖర్చుకే. కాబట్టి దానికి ముఖ్యమైన ప్రశ్న "చలి ఎంత?" అన్నది కాదు, "ఇవాళ తిండి దొరుకుతుందా?" అన్నది.

2013 డిసెంబరు

చికడీ శరత్కాలమంతా గింజలను, పురుగులను చెట్ల బెరడు సందుల్లో వేరువేరు చోట్ల దాచుకుంటుంది. ఆ చోట్లను గుర్తు పెట్టుకుంటుంది కూడా. మంచు ఎంత కురిసినా నిలువుగా ఉన్న బెరడు మీద పెద్దగా నిలవదు కనుక ఆ కొట్టు తెరిచే ఉంటుంది. ఐసు వాన పడితే మాత్రం కథ మారుతుంది. పైనున్న వెచ్చని గాలిపొరలో మంచు కరిగి చినుకవుతుంది. నేల దగ్గర గాలి సున్నా కన్నా చల్లగా ఉంటే ఆ చినుకు నీరుగానే దిగి, తాకిన ప్రతిదాని మీదా గాజులా గడ్డకడుతుంది. కొమ్మ, మొగ్గ, బెరడు సందు, అన్నిటికీ సీలు పడిపోతుంది.

2013 డిసెంబరు 21, 22 తేదీలలో మిషిగన్ మధ్య భాగంలో పడినది అటువంటి వానే. లాన్సింగ్ చుట్టుపక్కల వేలాది ఇళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇంట్లోనూ పోయింది. పసివాణ్ణి తీసుకుని అమ్మా, నా భార్యా స్నేహితుల ఇంటికి వెళ్ళారు. నేను ఇల్లు కనిపెట్టుకుని ఉండిపోయాను. మర్నాడు ఎండ కాసింది. ప్రతి కొమ్మా స్ఫటికమే! కెమెరా పుచ్చుకుని పెరట్లోకి పరుగెత్తాను.

ఆపిల్ చెట్టు మీద చికడీ ఒకటి ఐసును ముక్కుతో పొడుస్తోంది. దగ్గరికి వెళ్ళాను, ఎగిరి పక్క కొమ్మ మీద వాలింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ఎగిరింది. అలా అరగంటసేపు వెంటబడి, చివరికి నాకు కావలసిన ఫొటో సంపాదించాను. గాజుకొమ్మ మీద చికడీ, వెనక సూర్యుడు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

అమ్మ మాత్రం కాసేపు చూసి, "ఇది బక్కగా ఉందేమిటిరా? కిటికీ దగ్గరికి వచ్చేది బొద్దుగా ఉంటుందిగా" అంది.

తర్వాత చదివితే తెలిసింది. బెదిరిన పిట్ట ఎగరడానికి సిద్ధమై ఈకలను ఒంటికి అదిమేసుకుంటుంది, మెడ చాస్తుంది. అంటే నాకోసం అది బొంత తీసి అవతల పారేసింది. 15 గంటల రాత్రి ఆకలితో గడిపి, కొట్టుకు సీలు పడిపోయిన రోజున, నా మూలంగా అరగంటసేపు ఉన్న కాస్త కొవ్వునూ ఎగరడానికి ఖర్చు పెట్టింది. ఆ రాత్రి గడిచిందో లేదో! ఆ ఫొటో ఇప్పటికీ హాల్లోనే ఉంది. ఎవరైనా మెచ్చుకుంటే ఈ కథ కూడా చెబుతాను.

వెంటబడకుండా ఫొటో తీయడం

దీనికి మందు, మనం పిట్ట దగ్గరికి వెళ్ళకుండా పిట్టే మన దగ్గరికి వచ్చేటట్టు చూడడం. పెరట్లో గింజల ఫీడరు పెట్టండి. నల్ల పొద్దుతిరుగుడు గింజలు, సూయెట్ అనే పశువుల కొవ్వు దిమ్మ ఉంటే చికడీలు, కార్డినళ్ళు, వడ్రంగిపిట్టలు అన్నీ వస్తాయి. ఫీడరు పక్కన ఒక ఎండుకొమ్మ కట్టండి. పిట్ట వరస కోసం ముందు దాని మీద వాలుతుంది, మీ ఫొటో అక్కడ.

ఇలా తిండి పెడితే వాటిని సోమరులను చేసినట్టు కాదా అని నాకూ సందేహం వచ్చింది. విస్కాన్సిన్‌లో చికడీల మీద జరిపిన ఒక పరిశోధన 1988లో "ఎకాలజీ" పత్రికలో వచ్చింది. ఫీడరు అందుబాటులో ఉన్న చికడీలలో 69 శాతం చలికాలం దాటాయి, లేనివాటిలో 37 శాతమే. ఆ తేడా ముఖ్యంగా చలి బాగా ముదిరిన నెలలలోనే కనబడింది. ఫీడర్లకు అలవాటుపడ్డ చికడీలకు వాటిని తీసేస్తే ఏమవుతుందో కూడా అదే పరిశోధకులు తర్వాత చూశారు. అవి మామూలుగానే బతికాయి.

ఇక కెమెరా సంగతులు:

గది చీకటిగా ఉంచి, శుభ్రంగా తుడిచిన కిటికీ అద్దానికి లెన్సు ఆనించి తీయండి. కిటికీ తెరిస్తే లోపలి వెచ్చని గాలి బయటి చల్లగాలితో కలిసి ఎండమావిలా అల్లాడుతుంది, బొమ్మ మసకబారుతుంది. తెరిచి తీరాలంటే ముందు ఆ గదిలో హీటు ఆపి, తలుపు మూసి చల్లబడనివ్వాలి. దీనికి ఇంట్లోవాళ్ళ అనుమతి అవసరం! పార్కులలో అయితే కారే మంచి చాటు. పిట్టలు మనిషి ఆకారానికి బెదిరినంతగా కారుకు బెదరవు. ఇంజను ఆపడం మరవకండి.

మంచులో తీసిన ఫొటోలు బూడిదరంగులో వస్తాయని చాలామంది ఫిర్యాదు. కెమెరాలోని మీటరు లోకమంతా మధ్యరకం బూడిదరంగని నమ్ముతుంది. తెల్లని మంచు కనబడగానే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అందుకని ఎక్స్‌పోజరును 1 నుంచి 1.7 స్టాపుల దాకా మనమే పెంచాలి. హిస్టోగ్రాము కుడి గోడకు గుద్దుకోకుండా చూసుకుంటే చాలు. మంచు వల్ల ఒక లాభం కూడా ఉంది. నేల మీది నుంచి పైకి కొట్టే వెలుతురు వల్ల పిట్ట పొట్ట కింద నీడ పడదు. కూర్చున్న పిట్టకు షట్టరు సెకనులో వెయ్యోవంతు, రెక్కలకు రెండువేలోవంతు పెట్టండి.

చలికి బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. రెండోది లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉంచండి. మొదటిది కూడా అక్కడ కాసేపు ఉంటే కొంత కోలుకుంటుంది. ఇంట్లోకి వచ్చేముందు, బయట ఉండగానే, కెమెరాను జిప్ సంచిలో పెట్టి మూసెయ్యండి. లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టు లెన్సుకు చెమ్మ పడుతుంది. గంటో రెండు గంటలో ఆగి తీయండి. ఫొటోలు చూసుకునే ఆత్రం ఉంటే మెమరీ కార్డు ముందే తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మీటరు కెమెరాలో లేదు, పిట్ట ఒంటి మీదే ఉంది. బొద్దుగా ఉందా, మీరు ఉన్నట్టే దానికి పట్టలేదు, తీసుకోండి. సన్నబడి మెడ చాచిందా, ఆగండి. అయినా సర్దుకోకపోతే వెనక్కి రండి. ఆర్కిటిక్ నుంచి చలికాలం గ్రేట్ లేక్స్ దాకా దిగివచ్చే మంచు గుడ్లగూబలకూ ఇదే వర్తిస్తుంది. పగలు అరమోడ్పు కళ్ళతో కూర్చున్న గుడ్లగూబ కళ్ళు విప్పి నిటారుగా లేచిందంటే మీరు హద్దు దాటారన్నమాట. పెట్ షాపులో ఎలుకలు కొని వాటిముందు విసిరి ఫొటోలు తీసేవాళ్ళూ ఉన్నారు. మనిషిని చూస్తే తిండి అని, రోడ్డు పక్కన తిండి అని నేర్చుకున్న గుడ్లగూబ చివరికి ఏ కారు కిందో పడుతుంది.

2019 జనవరి ఆఖరున ధ్రువాల చలిగాలి దిగి, మా ఊళ్ళో ఉష్ణోగ్రత మైనస్ 20 సెల్సియస్ దాటి పడిపోయినప్పుడు ఆఫీసు మూసేశారు. ఇంట్లోంచి పనిచేస్తూ, తెల్లారగట్ల ఫీడరు నింపి కిటికీ దగ్గర కూర్చున్నాను. చికడీ వచ్చింది. గింజ తీసుకుని కొమ్మ మీద కాళ్ళ మధ్య ఇరికించుకుని, పొట్టు కొట్టుకుని తింది. కాళ్ళు కూడా కనపడనంత బొద్దుగా ఉంది. వెనక సూర్యుడూ లేడు, గాజుకొమ్మలూ లేవు. ఫొటో అమ్మకు పంపాను.

అమ్మ ఫోను చేసి, "ఇదిరా పిట్టంటే" అంది. తర్వాత, మా ఊళ్ళో సంక్రాంతికి వసారా చూరుకు పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు కట్టడం గుర్తు చేసింది. "ఆ కుచ్చు కింద పిల్లల్ని అల్లరి చెయ్యనిచ్చేవాళ్ళం కాదు, గుర్తుందా?" అంది. గుర్తుంది. పిచ్చుకలు తింటున్నంతసేపూ మమ్మల్ని పెరట్లో ఆడుకోమనేవారు.