కోళ్ళగూటి కంతలు

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ పెరటికోళ్ళు ఉంటే సాయంత్రంవేళ గమనించండి. పొద్దుగూకేసరికి ఎవరూ తోలకుండానే అవి గూటికి చేరుకుంటాయి. పగలు ఊరంతా తిప్పించే కోడిపుంజును చీకటిపడ్డాక చిన్నపిల్లవాడు కూడా పట్టేయగలడు. ఎందుకని?

కారణం దాని కంట్లోనే ఉంది. కంటి వెనుక పొరలో మసక వెలుతురును పట్టే కణాలు వేరు, రంగులను గుర్తించే కణాలు వేరు. కోడికంట్లో రెండో రకానిదే పైచేయి. అందుకే మట్టిలో కలిసిపోయిన నూకగింజను పగలు ఏరుకుతినే కోడి, రాత్రయితే దాదాపు గుడ్డిదే. దాని పూర్వీకురాలైన ఎర్ర అడవికోడి చెట్టుకొమ్మ ఎక్కి రాత్రి గడుపుతుంది. మన కోడికి ఆ కొమ్మకు బదులు గూడు ఉంది. ఆ గూటికి కంత ఉంటే మాత్రం లోపలి కోడి పారిపోనూ లేదు.

గోదావరి డెల్టాలో ఇలాంటి కంతలు వెతికే జంతువులు చాలానే ఉన్నాయి. కొబ్బరితోటల్లో మానుపిల్లి, చేలగట్ల వెంట నక్క, రెల్లుపొదల్లో అడవిపిల్లి రాత్రివేళ తిరుగుతాయి. ముంగిస పగటి జంతువు. రాత్రి పోయిన కోడికి దాన్ని నిందించడం అన్యాయం! వీటికి విషం పెట్టకూడదు, కరెంటు తీగ కట్టకూడదు. ఆ తీగ నక్కకూ మనిషికీ తేడా చూడదు. పైగా కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో నీటిపిల్లి ఉంది. దాని ముఖ్యాహారం చేపలు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. మనం కట్టిన తీగకు అదీ బలికావచ్చు.

జంతువును చంపడంకంటే కంత మూయడం తేలిక. పందికొక్కు కిందినుంచి తవ్వుకొస్తుంది కాబట్టి మట్టినేల చాలదు, ఇటుకలు పరిచి సిమెంటు చేయాలి. లేదా గూటిని కాళ్ళమీద నిలబెట్టాలి. వానాకాలం నీళ్ళు నిలిచే మన ఊళ్ళకు ఇదే మేలు. ఎలుకలు ఎక్కకుండా కొబ్బరిమానుకు రేకు చుట్టడం కోనసీమలో మీరు చూసే ఉంటారు. నున్నటి రేకుమీద గోళ్ళకు పట్టు దొరకదు. గూటికాళ్ళకూ అదే ఉపాయం. అయితే పెద్ద ఎలుక ఉన్నచోటునుంచే రెండడుగులకు పైగా ఎగరగలదు, కనుక గూడు మూడడుగుల ఎత్తున ఉండాలి. కిటికీకి కొట్టే ఇనుపవల కన్ను అరంగుళం మించకూడదు. బజార్లో దొరికే ఆరుమూలల కన్నుల వల కోడిని లోపల ఆపుతుందేగాని, ఎలుకను బయట ఆపలేదు. ఎలుక వచ్చిన గూటికి దాని వెనకే పామూ రావచ్చు. గుడ్లకోసం చెయ్యి పెట్టేముందు లోపలికి తొంగిచూడండి.

ఇక తలుపు ఎంత గట్టిగా బిగించినా ఆగని శత్రువు ఒకటుంది. అది గూట్లోనే కాపురం ఉంటుంది. అదే కోడిగోమారి. కొందరు పిడుదు అంటారు. కోడిపేను ఎప్పుడూ ఈకల్లోనే ఉంటుంది కాబట్టి ఈకలు విప్పి చూస్తే దొరికిపోతుంది. కోడి బూడిదలో పొర్లాడేది దాన్ని వదిలించుకోవడానికే. పెద్ద గోమారి అలాకాదు. పగలంతా గోడ పగుళ్ళలో, చెక్కల సందుల్లో నక్కి, రాత్రి బయటికొచ్చి, నిద్రపోతున్న కోడి రక్తం తాగి మళ్ళీ పగుల్లోకి పోతుంది. పగలు కోడిని ఎంత వెతికినా కనిపించదు! కోడి తురాయి పాలిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. ఒక్కోసారి గోమారి కాటుతో ప్రాణాంతకమైన జ్వరం కూడా అంటుకుంటుంది. ఇంట్లోవాళ్ళు మేత చాలలేదనుకుంటారు.

అనుమానం వస్తే రాత్రి టార్చిలైటుతో చూడండి. గోమారులు కనిపిస్తే మందు కోడికి మాత్రమే పూస్తే చాలదు. ఏ మందో, ఎంతో పశువైద్యుణ్ణి అడిగి గూటి సందుల్లోనూ కొట్టించాలి. తర్వాత పగుళ్ళు పూడ్చి సున్నం వేయాలి. కోళ్ళను వేరేచోటికి మార్చి గూడు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచితే గోమారులు ఆకలికి చస్తాయనుకోకండి. తిండి లేకుండా అవి ఏడాదికి పైగా బతకగలవు.