చుట్ట జారితే నష్టం యజమానిదే
కాగితం యంత్రాలకు గాలి షాఫ్ట్ ఎంపికలో మెలకువలు

పెద్దపల్లి: ఎడ్లబండికి ఇరుసు ఎలాంటిదో, చుట్టలతో నడిచే యంత్రానికి ఎయిర్ షాఫ్ట్ అలాంటిది. ఇరుసు వంగితే బండి నడిదారిలో ఆగుతుంది. షాఫ్ట్ పట్టు తప్పితే యంత్రం ఆగడమే కాదు, చుట్ట మీది కాగితం ముడతలు పడి చిత్తుకింద పోతుంది. కాగితపు సంచులు, కప్పులు, కవర్లు తయారుచేసే చిన్న పరిశ్రమ పెట్టదలచిన గ్రామీణ యువకులు అప్పు తెచ్చి యంత్రం కొనేముందే ఈ భాగం గురించి తెలుసుకోవడం అవసరం.

కాగితం మన ప్రాంతానికి కొత్త కాదు. పెద్దపల్లి మీదుగా బల్లార్షా వెళ్లే రైలు మార్గంలోనే కాగజ్‌నగర్ ఉంది. ఒకనాటి కొత్తపేటకు సిర్పూరు కాగితం మిల్లు వల్లనే ఆ పేరు వచ్చింది. 1938లో నిజాం పాలనలో నెలకొన్న ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చిన తర్వాత మళ్లీ తెరుచుకుంది. మిల్లుల్లో కాగితం పెద్ద చుట్టగా తయారవుతుంది. దాన్ని కోసి, అట్ట గొట్టాలపై చిన్న చుట్టలుగా చుడతారు. ఆ గొట్టంలో దూరి చుట్టను మోసేదే షాఫ్ట్.

పని చేసే తీరు

షాఫ్ట్ లోపల సైకిలు ట్యూబు వంటి రబ్బరు ట్యూబు ఉంటుంది. గాలి కొట్టగానే అది ఉబ్బి, పైనున్న పళ్లను లేదా పట్టీలను బయటికి నెట్టుతుంది. అవి అట్ట గొట్టాన్ని లోపలినుంచి బిగించి పడతాయి. గాలి తీస్తే చుట్ట సులువుగా బయటికి వస్తుంది. సాధారణంగా చదరపు అంగుళానికి 80 పౌన్లకు పైగా గాలి పీడనం అవసరమవుతుంది.

ఏది మన్నుతుంది?

పళ్ల రకంలో ఎక్కువగా మధ్యన ఒకే ట్యూబు ఉంటుంది. అది చిల్లిపడితే పట్టు మొత్తం పోతుంది. మార్చాలంటే షాఫ్ట్ చివర విప్పాలి. పట్టీల రకంలో పైగాడుల్లో వేర్వేరు ట్యూబులుంటాయి. పాడైన ఒక్కదాన్నే తీసి వేరొకటి వేసుకోవచ్చు. పట్టీలు గొట్టాన్ని పొడవునా ఒత్తుతాయి కనుక పలుచని అట్ట గొట్టాలు నలగవు. మరమ్మతుకు పట్నం పోవలసిన మన ఊళ్లకు ఇదే అనువైనది.

ఉక్కు షాఫ్ట్ బరువైన చుట్టలను వంగకుండా మోస్తుంది. అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతే. రోజుకు పలుమార్లు షాఫ్ట్ చేత్తో ఎత్తవలసి వస్తే కార్మికుల నడుములకు అది మేలు. అయితే బేరింగులపై కూర్చునే చివరలు మాత్రం ఉక్కువే ఉండాలి. మెత్తని లోహం త్వరగా అరిగిపోతుంది. కార్బన్ ఫైబర్‌వి ఇంకా తేలిక, కాని ధర ఎక్కువ.

కొనేటప్పుడు చుట్ట బరువు, వెడల్పు, యంత్రం వేగం, గొట్టం లోపలి కొలత అమ్మకందారుకు తప్పక చెప్పాలి. 76 మిల్లీమీటర్ల, అంటే మూడంగుళాల గొట్టాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. విడి ట్యూబులు, వాల్వులు ఎక్కడ దొరుకుతాయో అడిగి, ఒక జత వెంట తెచ్చుకోవాలి.

జాగ్రత్తలు

చుట్ట లేకుండా ఉత్త షాఫ్టుకు గాలి కొట్టరాదు. ట్యూబు హద్దు మీరి ఉబ్బి చిరుగుతుంది. చుట్ట తిరుగుతుండగా గాలి తీయరాదు. బిగిసిన షాఫ్టును సుత్తితో కొట్టరాదు, నేలపై పడవేయరాదు. గాడుల్లో చేరే కాగితపు దుమ్మును ఎప్పటికప్పుడు తుడవాలి. గాలి దిగుతోందనిపిస్తే పంక్చరు దుకాణంలో మాదిరిగా వాల్వుపై సబ్బునీళ్లు వేసి చూడాలి. చివరలు అరిగి షాఫ్ట్ ఊగుతుంటే వెంటనే ఆపి బాగుచేయించాలి. ఊగే షాఫ్ట్ మీద బరువైన చుట్ట ఊడిపడితే దగ్గరున్న మనిషి ప్రాణానికే ముప్పు.