తొంభై సెకన్లలో ఖార్కివ్

పోయిన సెమిస్టర్ హాలిడేస్‌లో మా అక్కకి ఒక వీడియో ఫార్వర్డ్ చేశాను. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఉక్రెయిన్‌లో, ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022 మార్చిలో ఇంటికి వచ్చేసింది. వీడియోలో కీవ్‌లోని ఒక కేఫ్, బయట జనరేటర్, లోపల కాఫీ తాగుతూ నవ్వుకుంటున్న జనం, వెనకాల పియానో. "చూడు అక్కా, అంతా నార్మల్ అయిపోయింది" అని కింద టైప్ చేశా. బ్లూ టిక్స్ పడ్డాయి కానీ రిప్లై లేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "అది ఎన్ని సెకన్ల వీడియోరా?" అని అడిగింది. తొంభై.

నాకు సిగ్గేసింది. ఆ తర్వాత ఉక్రెయిన్‌లో రోజువారీ జీవితం మీద వచ్చిన చిన్న న్యూస్ వీడియోలు వరసగా పెట్టుకుని చూశాను. ఒకే విషయం మీద ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు తెలిశాయి, అవే ఇక్కడ రాస్తున్నా. (నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.)

మొదట అర్థమయ్యేది ఏంటంటే, పది ఛానళ్ల వీడియోలు చూసినా చాలా షాట్లు అవే. ఇందులో మోసమేమీ లేదు. రాయిటర్స్, ఏపీ లాంటి వార్తా సంస్థలు ఫుటేజ్ తీసి ప్రపంచమంతా ఛానళ్లకి ఇస్తాయి. ఛానల్ దాన్ని కత్తిరించి, తన వాయిస్ ఓవర్, తన మ్యూజిక్ కలుపుతుంది. నేల కింద క్లాస్‌రూమ్‌లో చెయ్యి ఎత్తిన ఒక పాప షాట్‌నే తీసుకోండి. పియానో పెడితే "ఆశ" అవుతుంది, వయొలిన్ పెడితే "విషాదం" అవుతుంది. మన తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో అయితే సస్పెన్స్ సినిమా బీజీఎం, పైన ఎర్ర అక్షరాలు. పాప మాత్రం లెక్క తప్పు చెప్పి నాలుక కరుచుకుంటోంది, అంతే.

ఆ నేల కింద బడి సంగతే చూద్దాం, దాని మీద వీడియోలు చాలా ఉన్నాయి. ఖార్కివ్ రష్యా సరిహద్దుకి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. యుద్ధం మొదలయ్యాక అక్కడ బడులన్నీ ఆన్‌లైన్‌కి వెళ్లిపోయాయి. 2023 సెప్టెంబర్‌లో మెట్రో స్టేషన్లలో గదులు కట్టి 60 క్లాసులు మొదలుపెట్టారు, వెయ్యి మందికి పైగా పిల్లలతో. 2024 మేలో బడి కోసమే నేల కింద కట్టిన స్కూల్ కూడా తెరిచారు. వీడియోలన్నీ ఇంతవరకు చెప్తాయి. రంగురంగుల గోడలు, చిన్న కుర్చీలు, టీచర్ నవ్వు. చూడటానికి బాగుంటుంది.

కానీ బడి నేల కిందే ఎందుకు? సైరన్ మోగితే కిందికి దిగొచ్చు కదా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పిన వీడియోలు తక్కువ. సరిహద్దు అవతల నుంచి వదిలిన క్షిపణి ఖార్కివ్‌కి రావడానికి నిమిషం కూడా పట్టదు. చాలాసార్లు పేలుడు ముందు, సైరన్ తర్వాత. ముప్పై మంది పిల్లల్ని లైన్లో పెట్టి మెట్లు దించే టైమే ఉండదు. అందుకే బడినే కింద పెట్టేశారు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి పది సెకన్లు చాలు. అది ఉన్న వీడియో నాకు ఏదో నేర్పింది, లేనిది "అయ్యో క్యూట్" అనిపించి వెళ్లిపోయింది.

మా అక్కకి పంపిన కేఫ్ వీడియోలో నేను మిస్సయింది కూడా ఇదే. అందులో సైరన్ మోగుతున్నా ఎవరూ లేవరు, వాయిస్ ఓవర్‌లో "ధైర్యం" అన్నారు. కీవ్‌లో, ఇంకా పడమర వైపు ల్వివ్‌లో, హెచ్చరికకి క్షిపణికి మధ్య చాలాసార్లు కొన్ని నిమిషాలైనా దొరుకుతాయి. ఫోన్లో చూసుకుని వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకునే వీలుంటుంది. ఖార్కివ్‌లో కూర్చున్న మనిషి లేవకపోతే అది ధైర్యం కాకపోవచ్చు, లేచినా లాభం లేదని తెలియడం కావచ్చు. షాట్ చూస్తే మాత్రం రెండూ ఒకటే.

కీవ్ వీడియోలే ఎక్కువ రావడానికి కూడా ఒక కారణం ఉంది. 2022 ఫిబ్రవరి 24 నుంచి అక్కడ సివిల్ విమానాలు లేవు. బయటి రిపోర్టర్లు ఎక్కువగా పోలండ్ నుంచి రైల్లో వస్తారు. ల్వివ్, కీవ్ ముందు తగులుతాయి. పైగా దాడి జరిగిన చోటు వెంటనే చూపించకూడదు, కొన్ని గంటలు ఆగాలని రూల్ ఉంది, శత్రువుకి గురి సరిచూసుకోవడానికి పనికొస్తుందని. కాబట్టి ఏదైనా వీడియోలో వీధి పేరు లేకపోతే ప్రతిసారీ అది బద్ధకం కాదు.

అన్నట్టు, మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే సంగతి ఒకటి. సైరన్ యాప్ ఇంగ్లీష్ వెర్షన్‌కి గొంతు ఇచ్చింది మార్క్ హామిల్, అవును, స్టార్ వార్స్ ల్యూక్ స్కైవాకరే. చిన్న వీడియోలకి ఇలాంటివి పండగ. కానీ ఆ యాప్‌లో అసలు పని ప్రాంతాన్ని బట్టి అలర్ట్ ఇవ్వడం. దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఇక కరెంటు. 2022 అక్టోబర్ 10 నుంచి పవర్ గ్రిడ్ మీద పెద్ద ఎత్తున దాడులు మొదలయ్యాయి. కరెంటు కోత మనకి కొత్త కాదు, అందుకే తేలిగ్గా తీసుకుంటాం. అక్కడ పదహారు అంతస్తుల బిల్డింగ్‌లో కరెంటు పోతే లిఫ్ట్ పోతుంది, నీళ్ల పంపు పోతుంది, మైనస్ డిగ్రీల చలిలో వేడి కూడా పోవచ్చు. ఇరుక్కుపోయిన వాళ్ల కోసం లిఫ్టుల్లో నీళ్లు, బిస్కెట్లు ఉన్న డబ్బాలు పెట్టారు. ఆ డబ్బా షాట్ చాలా వీడియోల్లో ఉంది, మూడు సెకన్లు. లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి అది మూడు గంటలు. చిన్న వీడియో చోటుని బాగా చూపిస్తుంది, కాలాన్ని చూపించలేదు. యుద్ధంలో రోజువారీ జీవితం అంటే మాత్రం ఎక్కువ భాగం కాలమే. కరెంటు కోసం, రైలు కోసం, "అలర్ట్ అయిపోయింది" అనే మెసేజ్ కోసం.

అక్క చెప్పింది విన్నాకే నాకు ఇది తట్టింది. ఫిబ్రవరి చివర్లో వాళ్లు మెట్రో స్టేషన్ నేల మీద పడుకున్నారు. మార్చి 1న కర్ణాటక కుర్రాడు ఒకరు తిండి కోసం బయటికెళ్లి దాడిలో చనిపోయిన ఊరు అది. మర్నాడు ఎంబసీ, నడిచైనా సరే సాయంత్రం ఆరులోపు ఖార్కివ్ వదలమంది. "నడిచింది గుర్తుంది కానీ, కింద కూర్చున్న రోజులు ఎన్నో ఇప్పటికీ సరిగ్గా లెక్క రాదు" అంటుంది.

నేను చూసినవాటిలో ఒకటి ఎడిట్ చేయని ఫుటేజ్, పదకొండు నిమిషాలు. వాయిస్ లేదు, మ్యూజిక్ లేదు. జనం దుప్పట్లు కప్పుకుని స్టేషన్‌లో కూర్చుని ఉంటారు, ఒకాయన కుక్కని నిమురుతుంటాడు, ఎవరో దగ్గుతారు. నాకు రెండో నిమిషానికే బోర్ కొట్టి స్పీడ్ పెంచాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అదే అక్కకి చూపించాను. ఒక్కసారి కూడా ఫార్వర్డ్ చేయకుండా చివరిదాకా చూసింది. ఏ స్టేషనో ఎక్కడా రాసి లేదు. అక్క గోడ టైల్స్ చూసి పేరు చెప్పేసింది.