చదువు నడుమ వచ్చిన పిలుపు

"ముందు చదువు, తరువాత ఆట" అని బిడ్డతో అనని తల్లి మన యిండ్లలో మిక్కిలి అరుదు. పరీక్షలు దగ్గరపడగానే బంతిని అటకమీద దాచిన తల్లులును మనలో లేకపోలేదు. ఆ మాట వెనుక నున్నది ఆటపై ద్వేషము కాదు. బిడ్డ రేపటి బ్రతుకును గూర్చిన భయము. అయితే ఆటయే బ్రతుకుతెరువు చూపెదనని ముందుకు వచ్చి, కాలేజీ చదువును నడుమనే విడిచి రమ్మని పిలిచినచో తల్లి యేమి చెప్పవలెను? అమెరికాలో ఫుట్‌బాల్ ఆడు బాలికలుగల అనేక కుటుంబములకు నేడీ ప్రశ్న ఎదురగుచున్నది. వారి కథ మన సోదరీమణులకును తెలియదగినదని తలచి ఇచట వ్రాయుచున్నాము.

మనము ఫుట్‌బాలని పిలుచు ఆటను అమెరికనులు సాకరందురు. ఫుట్‌బాలను పేరును వారు వేరొక ఆటకు పెట్టుకొనిరి. ఐరోపాలో నేర్పుగల పిల్లలను క్లబ్బులే చిన్ననాట చేర్చుకొని తీర్చిదిద్దును. అమెరికాలో మాత్రము, ముఖ్యముగా బాలికల విషయమున, చిరకాలము ఆ భారమును విశ్వవిద్యాలయములే వహించినవి. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని 1972లో నొక చట్టము వచ్చెను. దానితో ఆటలలోను బాలికలకు చోటు కల్పింపవలసిన వాడయ్యెను. జట్లు వెలసెను, శిక్షకులు వచ్చిరి, చక్కగా ఆడు పిల్లకు చదువు ఖర్చు తామే భరించు విద్యార్థి వేతనములు ఏర్పడెను. 1982లో విశ్వవిద్యాలయముల స్త్రీల జట్లకు జాతీయపు పోటీ ప్రారంభమయి, ఉత్తర కెరొలైనా విశ్వవిద్యాలయము తొలి విజయము నందెను. 1991లో జరిగిన మొదటి స్త్రీల ప్రపంచపోటీని అమెరికా గెలిచినదన్న, అందుకు పునాది ఈ కళాశాలల మైదానములే.

ఆ దినములలో "చదువు మాని ఆడుదునా?" అను ప్రశ్నయే లేదు; మానిపోవుటకు వేరొక చోటు లేదు. స్త్రీలు జీతమునకు ఆడు సంఘము 2001లో నొకటి పుట్టి, 2003లోనే మూతపడెను. 2009లో మరియొకటి లేచి, 2012లో కూలెను. ఇప్పుడున్న జాతీయ స్త్రీల లీగు 2013లో మొదలయినప్పుడు, అందలి క్రీడాకారిణికి ఏడాదికి కనీస జీతము ఆరువేల డాలర్లు మాత్రమే. అమెరికాలో ఆ సొమ్ముతో ఇంటి అద్దెయే గడవదు. అనేకులు పరుల యిండ్లలో అతిథులుగా నుండియు, ఇతరమైన పనులు చేసికొనియు ఆడిరి. అట్టి కాలమున పట్టము పుచ్చుకొనక కాలేజీ విడుచుట సాహసమే గాని వివేకమని యెవ్వరును తలపలేదు.

అయినను ఆ సాహసము చేసిన పిల్ల యొకతె యుండెను. లిండ్సే హొరాన్ అను కొలరాడో బాలిక, ఉత్తర కెరొలైనావారు ఇచ్చిన విద్యార్థి వేతనమును కాదని, 2012లో పదునెనిమిదవ యేట పారిస్ నగరపు క్లబ్బులో చేరెను. ఉన్నత పాఠశాలనుండి తిన్నగా ఐరోపాలో జీతపు ఆటకు వెళ్లిన మొదటి అమెరికను బాలిక ఆమెయే. భాష తెలియని దేశమున, తల్లిదండ్రులకు దూరముగ, పెద్ద ఆటగత్తెల నడుమ ఆమె రాటుదేలెను. 2018లో స్వదేశపు లీగులో ఉత్తమ క్రీడాకారిణియని పేరొందెను; 2019లో ప్రపంచవిజేతలైన జట్టులో నొకతె యయ్యెను. ఆమె త్రొక్కిన దారి యది మొదలు ఇతరులకును కనబడసాగెను.

మూవురు నెచ్చెలులు, మూడు దారులు

ఈ విషయమును చక్కగా గ్రహింపవలెనన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు 2019 నాటి జట్టును చూచిన చాలును. ఆ యేట వారు జాతీయపు పోటీ గెలిచిరి. ఆ జట్టులోని మువ్వురు కన్యలు ఒకే మైదానమున ఆడి, మూడు వేర్వేరు దారులు పట్టిరి.

మొదటిది సోఫియా స్మిత్. రెండేండ్లు చదివి, 2020లో కాలేజీ విడిచెను. నాటి పద్ధతిని క్లబ్బులు వరుసగా క్రీడాకారిణులను ఎంచుకొనెడివి. అందరికంటె ముందుగా ఈమెను పోర్ట్‌లండ్ క్లబ్బు ఎంచుకొనెను. 2022లో ఆమె లీగులో ఉత్తమ క్రీడాకారిణి యనిపించుకొని, తన క్లబ్బునకు విజేత పదవియు సంపాదించి పెట్టెను.

రెండవది కాతరీనా మకారియో. ఈమె పుట్టినది బ్రెజిలులో. బాలికకు పండ్రెండేండ్లు వచ్చునప్పటికి, ఆమె ఆట కొరకు తండ్రియు అన్నయు ఆమెను వెంటబెట్టుకొని అమెరికాకు తరలిరి. వైద్యురాలైన తల్లి మాత్రము బ్రెజిలులోనే నిలిచి, పని చేసి, వారిని పోషించెను. సోదరీమణులారా, ఈ సంగతి చదివినపుడు మా మనస్సు బంతిమీదినుండి ఆ తల్లిమీదికి పోయినది. బిడ్డ వేసిన గోళ్లను సముద్రమున కావల గూర్చుండి విని సంతసించిన తల్లి చేసిన త్యాగమును ఏ పతకము తూచగలదు? కాతరీనా స్టాన్‌ఫర్డునకై 63 గోళ్లు వేసి, 2021 జనవరిలో, నాలుగవ యేటి చదువు ముగియకమునుపే ఫ్రాన్సు దేశపు లియోన్ క్లబ్బులో చేరెను. 2022 మే నెలలో ఐరోపా విజేతల పోటీ తుదిపందెమున గోలు వేసెను. ఆమె జట్టు గెలిచెను. పది దినములు దాటి దాటకమునుపే, జూన్ నెల మొదట, ఒక పందెమున మోకాలి లోపలి బంధనము తెగెను. 2023 నాటి ప్రపంచపోటీ ఆమెకు దక్కలేదు. 2024లో గాని మరల మైదానమున అడుగిడ జాలలేదు.

మూడవది నయోమీ గిర్మా. ఇథియోపియానుండి వలసవచ్చిన దంపతుల బిడ్డ. 2020లో ఈమెకును మోకాలి బంధనము తెగినది. అయితే ఆమె అప్పుడు కాలేజీలో నుండెను. కాలు మానుచుండగా చదువు నడచుచునే యుండెను. ఈమె తొందరపడలేదు. చదువు ముగించియే 2022లో శాన్ డియాగో క్లబ్బునకు వచ్చెను. ఆ యేట అందరికంటె ముందు ఎంపికయినదియు ఈమెయే. 2025 జనవరిలో ఇంగ్లండునందలి చెల్సీ క్లబ్బువారు ఈమెను తీసికొనుటకు పదునొకండు లక్షల డాలర్లు చెల్లించిరి. స్త్రీల ఆటలో పది లక్షల డాలర్లు దాటిన మొదటి వెల అది. ఆగిన దానికి అదృష్టము తప్పిపోవునను భయమునకు ఈమె జీవితమే సమాధానము.

అట్లని త్వరపడిన వారు చెడిరని చెప్పుటకును వీలులేదు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ పోటీలలో అమెరికా స్త్రీలు బ్రెజిలును ఒక గోలు తేడాతో గెలిచి బంగారు పతకము నందిరి. ఆ జట్టున ముందువరుస నాడిన మువ్వురిలో ఒకతె సోఫియా స్మిత్. రెండవది ట్రినిటీ రాడ్‌మన్, కాలేజీ జట్టులో నొక్క పందెమైనను ఆడకయే పదునెనిమిదవ యేట 2021లో లీగునకు వచ్చినది. మూడవది మాలరీ స్వాన్సన్, 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలిస్ శాఖను విడిచి వచ్చినది. గెలుపు గోలు మాలరీదే. 2023లో మోకాటి చిప్పక్రింది కండరబంధనము తెగి ప్రపంచపోటీకి పోలేకపోయినదియు ఆమెయే.

పిలుపునకు బలమెట్లు వచ్చెను?

మొదటి కారణము సొమ్ము. ఆరువేల డాలర్లతో మొదలయిన కనీస జీతము 2025 నాటికి 48,500 డాలర్లయినది. 2030 నాటికి 82,500 డాలర్లు కావలెనని క్రీడాకారిణుల సంఘమునకును లీగునకును 2024లో ఒడంబడిక కుదిరెను. ఆ ఒడంబడికయే క్లబ్బులు పిల్లలను వరుసగా ఎంచుకొను పాత పద్ధతిని రద్దుచేసినది. ఇపుడు ఏ ఊరికి పోవలెనో, ఏ జట్టులో చేరవలెనో క్రీడాకారిణియే నిర్ణయించుకొనును. ఎవరో చీటిమీద పేరు వ్రాయగా తెలియని ఊరికి పెట్టె సర్దుకొనవలసిన అవస్థ తప్పినది.

రెండవ కారణము కాలము. కాలేజీ పందెములు శరదృతువున మూడు నాలుగు నెలలలో గుమిగూడి ముగియును. ఐరోపా క్లబ్బులు ఏడాదిలో పది నెలలు ఆడును. కాలేజీ ఆటలో వెలుపలికి వచ్చిన క్రీడాకారిణి మరల లోపలికి పోవచ్చును. పెద్ద ఆటలో నొకసారి వచ్చిన మరల పోరాదు. ఇట్టి భేదములవలన కాలేజీలో గడపిన యేండ్లు ఆటకు నష్టమని వాదించువారు కలరు. వారి వాదము త్రోసివేయదగినది కాదు.

అయినను లెక్క చూడుడు. 2025లో ఆ లీగున నుండినవి 14 క్లబ్బులు. ఒక్కొక్క దానికి ఇరువదియైదుగురనుకొన్నను మూడువందల యేబది స్థానములు మాత్రమే. మొదటి శ్రేణి విశ్వవిద్యాలయముల స్త్రీల జట్లే మూడువందలకు మించియున్నవి. జట్టునకు ఇరువదియైదుగురు చొప్పున వేసికొన్నను పిల్లల సంఖ్య ఏడువేలు దాటును. ఇరువదిమందిలో నొకతెకుగూడ చోటు చాలదు. పైగా ఉన్న చోటులలో పెక్కింటిని పరదేశపు క్రీడాకారిణులును పాతవారును ఆక్రమించియుందురు. మనము పేరు విని సంతోషించెడి వారందరు గెలిచినవారే. నిలువలేక తిరిగి వచ్చిన పిల్ల పేరు పత్రికలలో కనబడదు.

మగపిల్లల విషయమున అమెరికనులు ఒక మంచి యేర్పాటు చేసిరి. 1997లో మొదలయి తరువాత పేరు మారిన ఒక పథకము ననుసరించి, కాలేజీ ముగియకమునుపే పురుషుల లీగులో చేరు యువకునికి జీతముతో పాటు, ముందుముందు చదువు పూర్తిచేసికొనుటకు వలయు సొమ్మును ప్రత్యేకించి యుంచుదురు. పిలిచినవారే తిరుగుదారికి ఖర్చు పెట్టుట ధర్మమని మా అభిప్రాయము.

మరియొక సంగతి తల్లులు మరువరానిది. 2021లో ఆ స్త్రీల లీగునందలి కొందరు శిక్షకుల దుష్ప్రవర్తన బయటపడెను. పిదప జరిగిన విచారణ 2022 అక్టోబరులో వెలువడి, దూషణము, బెదిరింపు, లైంగికమైన దురాగతము ఒకటి రెండు చోట్ల కాక లీగంతట వేరూనియున్నవని తేల్చెను. ఆటలో చోటు పోవునను భయముతో ఆ యువతులు నోరు మెదపక భరించిరి. క్రీడాకారిణులు ఏకమై నిలుచుటచేతనే నియమములు మారినవి. చదువు చేత నున్న పిల్ల "ఇచట నుండను" అని లేచి రాగలదు. ఆట తప్ప వేరు దిక్కులేని పిల్లకు ఆ మాట పెగలుట కష్టము. చదువు విలువ జీతమునందే గాక, కాదని చెప్పగల ధైర్యమునందును కలదు.

తల్లి యడుగవలసిన ప్రశ్నలు

అమెరికాలో నేడు మన తెలుగు కుటుంబములును అనేకము స్థిరపడియున్నవి; వారి పిల్లలును ఆ మైదానములలో ఆడుచున్నారు. ఇచటను కాలము మారినది. నిజామాబాదు జిల్లా బిడ్డ సౌమ్య గుగులోత్ మన దేశపు జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు క్లబ్బునకు వెళ్లెను. కనుక ఈ పిలుపు రేపు మన గుమ్మమునకు రాదని చెప్పజాలము.

వచ్చిననాడు అవుననుటకును కాదనుటకును ముందు, తల్లి నాలుగు సంగతులు విచారింపవలెను. ఒకటి: కాలు విరిగిన యెడల జీతము, వైద్యము ఎన్నాళ్లు జరుగునో ఒడంబడికలో వ్రాసియున్నదా? రెండు: మరల చదువుకొనుటకు సొమ్ము, తీరిక ఇత్తుమన్న మాట నోటిమాటయా, వ్రాతయా? జీతమునకు ఆడిన వారు కాలేజీ జట్టులో మరల ఆడరాదని చిరకాలముగ నియమమున్నను, కాలేజీ తరగతి తలుపు ఎవ్వరికిని మూయబడలేదు. మూడు: ఆపదవచ్చినపుడు బిడ్డ తన గోడు చెప్పుకొనుటకు శిక్షకుడు గాక వేరొక నమ్మదగిన పెద్దదిక్కు ఆ యూరిలో నున్నదా? నాలుగు: ఈ కోరిక బిడ్డదా, లేక కీర్తికాశపడిన పెద్దలదా? ఈ కడపటి ప్రశ్నను తల్లి తన్ను తానే అడిగికొనవలెను.

ఈ నాలుగింటికి తగిన జవాబు దొరకిన నాడు, పదునెనిమిదేండ్ల పిల్ల పెట్టె సర్దుకొన్నను మేము తప్పు పట్టము. దొరకని నాడు, బంతి ఎంత బంగారమైనను రెండేండ్లు ఆగుమనుటయే మంచిది. నయోమీ ఆగి నష్టపోలేదు. పిల్ల పోయినను నిలిచినను, ఆమె పుస్తకములను మాత్రము తల్లి అమ్మివేయక దుమ్ము దులిపి అలమారులో నుంచవలెను. మోకాలు ఎన్నాళ్లు మాట వినునో యెవ్వరెరుగుదురు? తిరిగి వచ్చిన నాడు బిడ్డ చేయి ముందుగా వానికొరకే చాచును.